బోల్టులు పాతవే, మామ మాట

షాపులో కొత్తగా చేరినవాళ్ళు నేను కనిపిస్తే చాలు, "పెద్దాయనా, మొత్తం మీద ఎన్ని చక్రాలు బిగించి ఉంటావు" అని అడుగుతుంటారు. నేను లెక్క పెట్టలేదు. బిగించినవాటిలో ఎక్కువ భాగం నాకు గుర్తు కూడా లేవు, ఊడిపోలేదు కాబట్టి. మా పనిలో గుర్తుండిపోవడం మంచి లక్షణం కాదు. అయినా నాలుగు చక్రాలు మాత్రం నా బుర్రలోంచి పోవడం లేదు. అడిగారు కాబట్టి వాటి సంగతే చెప్తాను. పేర్లు మాత్రం అడగొద్దు. అందరూ ఇదే ఊళ్ళో ఉన్నారు, నేనూ పొద్దున లేస్తే పాలకోసం బజారుకు పోవాల్సినవాణ్ణే.

మాది మార్కాపురంలో కంభం పోయే దారిలో టైర్ల షాపు. నేను చేరినప్పుడు అన్నీ పలకరాయి మోసే లారీలు, ట్రాక్టర్లు. దిగిపోయేనాటికి సగం కార్లే. కానీ ఒక పద్ధతి మాత్రం మారలేదు. మాకు జాబ్ కార్డులు ఉండేవి కావు. ఈ ఊళ్ళో కాయితం వెతుక్కోవాలి గానీ పలక వెతుక్కోనక్కర్లేదు. ఫ్యాక్టరీల్లో అంచు విరిగిందని పక్కన పడేసినవి తెచ్చి గోడకు వరసగా తగిలించాం. బండి లోపలికి రాగానే ఒక పలక మీద దాని నంబరు, చేసిన పని, బిగించిన మనిషి గుర్తు పడతాయి. వాటి కింద రెండో మనిషి టిక్కు. ఒకడు బిగించిన చక్రాన్ని ఇంకొకడు పానా పెట్టి చూసి, అప్పుడు సుద్దముక్కతో టిక్కు పెట్టాలి. దాన్ని మేము "రెండో చెయ్యి" అనేవాళ్ళం. రెండో చెయ్యి పడకుండా బండి బయటికి పోకూడదు.

ఈ నియమానికి ఒక మినహాయింపు ఉండేది. అది నేను. "మామ బిగించినాక ఇంక చూసేదేంది" అని పానా ముట్టకుండానే టిక్కు పెట్టేసేవాళ్ళు. ఆ మాట మొదట ఎవరన్నారో గుర్తులేదు గానీ నాకు బాగా నచ్చిందని గుర్తుంది. వద్దని ఒక్కరోజు కూడా అనలేదు. ముప్పై నాలుగేళ్ళ ఉద్యోగంలో నేను సంపాదించుకున్న బిరుదు అదొక్కటే, దాన్ని పోగొట్టుకోవడానికి ఒక పొద్దు చాలింది.

మా షాపులో అలైన్‌మెంట్ మిషను చూసే ఆయన నాకంటే పదిహేనేళ్ళు చిన్న. నన్ను మామా అంటాడు, నేను అల్లుడా అంటాను. చుట్టరికం ఏమీ లేదు, అలవాటంతే. దర్శి దగ్గర పల్లె. అమ్మా నాయనా కూలికి పోయి చదివించారు. ఆదివారం వాళ్ళ చర్చిలో వాక్యం చదివేది ఈయనే. ఆ అలవాటో ఏమో, చేతికి ఏ కాయితం చిక్కినా మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివితే గాని కింద పెట్టడు. బేరింగు డబ్బా మీద రాసింది కూడా వదలడు. "అల్లుడా, గ్రీజు ఎవరు కనిపెట్టినారో కూడా రాసినారా అందులో" అని ఏడిపించేవాణ్ణి. ఆయన కోపం తెచ్చుకునేవాడు కాదు, నాకు అదే విసుగు.

ఇక కారు. కొత్త జిల్లాలు వచ్చిన మరుసటి ఏడు, ఎండలు ఇంకా ముదరని రోజుల్లో వచ్చింది. కారు కంటే ముందు చప్పుడు వచ్చింది. పక్క హోటల్లో దోశలు పోసేవాడు అట్లకాడ పట్టుకునే బయటికొచ్చాడు. పసుపురంగు సూపర్ కారు, రెండే సీట్లు, ఎత్తు నా మొలదాకా లేదు. మనకు తెలిసిన ఆయనే. తాత కిరాణా దుకాణం, తండ్రి పలకల ఫ్యాక్టరీ, ఈయన మూడు క్వారీలు, టైల్స్ ఎగుమతి. బెంగుళూరులో ఎవరో వాడిన కారును కొనుక్కొచ్చాడు. ఆ కారు ఆయన మూడు క్వారీల్లో ఒక్కదానికీ పోదు. ఇంటి సందులోకీ తిరగదు. మా షాపు ముందున్న వాలు కూడా ఎక్కలేకపోయింది. ఆయన దిగి, ముందువైపున్న డిక్కీ తెరిచి, నాలుగు పలకరాయి బండలు తీసి చక్రాల ముందు మెట్లుగా పరిచి, మళ్ళీ ఎక్కి లోపలికి తెచ్చాడు. స్పీడ్ బ్రేకర్ల కోసం ఆ బండలు ఎప్పుడూ డిక్కీలోనే ఉంటాయట. గంటకు మూడొందల కిలోమీటర్లు పోయే బండి, పోవాలంటే ముందు రాళ్ళు పరవాలి.

ఆయన బాధ వేరే. గిద్దలూరులో ఒక పెళ్ళికి ఈ కారులో పోతే, బావమరిది చుట్టూ తిరిగి చూసి, "బండి బాగుంది గానీ బావా, చక్రాలు ఆటో చక్రాల లెక్క ఉండాయే" అన్నాడట. అప్పటినుంచి ఈయనకు తిండి సయించడం లేదు. అదే గిద్దలూరులో నెల తిరక్కముందే కొత్త షోరూము తెరుస్తున్నాడు. తల్లిని పక్కన కూర్చోబెట్టుకుని ఈ కారులోనే పోవాలి, బావమరిది గుమ్మంలో నిలబడి చక్రాలు చూడాలి.

"అన్నా, వీటికంటే పెద్దవి కావాల" అన్నాడు.

"చక్రం పెద్దదైతే రబ్బరు సన్నగైతది సామీ. గుంతలో పడితే చక్రం వంగుద్ది. మన రోడ్లకు రబ్బరు మందంగా ఉండాల" అన్నాను.

"గుంతలు లేని చోటే తిప్పుతాలే."

"యాడుంది అట్లాంటి చోటు?"

నిజాయితీగా ఆలోచించాడు. "షోరూము ముందర సిమెంటు ఏపిచ్చినా" అన్నాడు.

రంగు విషయంలో బంగారురంగు అని పట్టుబట్టాడు. వాళ్ళమ్మ ఫోనులో బొమ్మ చూసి "పసుపు బండికి పసుపు చక్రాలేందిరా, పేరంటానికా" అన్నదట. చివరికి పలక రంగు చక్రాలు ఖాయమయ్యాయి. మార్కాపురం మనిషి ప్రపంచమంతా వెతికి పలక రంగే ఎంచుకున్నాడు.

ఇక్కడ నా గొప్ప కొంచెం చెప్పుకోనివ్వండి, తర్వాత మళ్ళీ అవకాశం రాదు. బయట చక్రాలు కొనేటప్పుడు కొలత ఒకటి తప్పినా లోపల బ్రేకుకు రాసుకుంటాయి, లేదంటే బయట మడ్‌గార్డుకు రాసుకుంటాయి. చక్రాలు ఇంకా రాలేదు, చూసుకునేదెట్లా? నేను ఫ్యాక్టరీలో పలకలు కోసే ఆయన దగ్గరికి పోయి, మాకు రాబోయే చక్రం లోపలి ఆకారానికి సరిగ్గా ఒక పలకను అర్ధచంద్రంలా కోయించాను. దాన్ని బ్రేకు మీద పెట్టి చూశాను, స్టీరింగు ఆ చివరికీ ఈ చివరికీ తిప్పించి చూశాను. మొదట అనుకున్న చక్రం ముందువైపు వేలిమందం రాసుకునేది. ఆ వేలిమందం తగ్గించి, చక్రాలు చేసే బెంగుళూరు వాళ్ళకు ఫోనులో చెప్పాను. అవతలాయన ఏ మిషనుతో కొలిచారని అడిగాడు. "పలకతో" అన్నాను. ఆయనకు అర్థం కాలేదు. నేను విడమరిచి చెప్పలేదు. ఆ వారం రోజులు నేను కొంచెం ఛాతీ విరుచుకునే నడిచాను.

చక్రాలు వచ్చాయి. బోల్టుల పొట్లాలు వచ్చాయి, ఒక కాయితం వచ్చింది. కొలత వెంట్రుకవాసి తేడా లేకుండా సరిపోయింది. కష్టమైన పని అయిపోయింది, ఇక మిగిలింది బోల్టులు బిగించడం. అది మేము కళ్ళు మూసుకుని చేసే పని. నేను నిజంగానే కళ్ళు మూసుకున్నాను.

కారాయన పొట్లం విప్పి ఒక బోల్టు తీసి చూసి మొహం ముడుచుకున్నాడు. "ఇయ్యి ఎవడు చేసినాడో ఏందో అన్నా. బండితో వచ్చిన కంపెనీ బోల్టులు ఉండగా ఈ డూప్లికేట్ ఏంది? ఒరిజినలే ఏయి" అన్నాడు.

ఒరిజినల్ అనే మాటకు మా షాపులో ఉన్న విలువ మీకు తెలుసు. నా బతుకంతా డూప్లికేట్ బేరింగులతో, డూప్లికేట్ ఆయిల్ సీళ్ళతో పోట్లాటే. ఏ డ్రైవరు ఏది తెచ్చినా నా మొదటి ప్రశ్న ఒరిజినలా కాదా అన్నదే. అది నాకు ప్రశ్నగా కూడా మిగల్లేదు, దండం పెట్టినట్టు అయిపోయింది. అందుకే ఆయన ఆ మాట అనగానే నా చెయ్యి పాత బోల్టుల మీదికి పోయింది.

అల్లుడు కాయితం చదువుతున్నాడు. అది ఇంగ్లీషులో ఉంది, ఆయన అక్షరం అక్షరం కూడబలుక్కుంటున్నాడు. "మామా, దీంట్లో బోల్టు బొమ్మలు రెండేసినారు. ఒకదాని మీద అడ్డగీత కొట్టినారు. ఈ పొట్లంలోవే ఏయాలంట."

"వాళ్ళ బోల్టులు అమ్ముకోవాలంటే అట్లనే రాస్తారు" అన్నాను.

"అమ్ముకునేదేముంది మామా, చక్రంతో పాటే ఇచ్చినారు గదా."

చిన్నవాళ్ళ మాట నిజమైనప్పుడు పెద్దవాళ్ళు ఏం చేస్తారో నేనూ అదే చేశాను. "అల్లుడా, నాకు చెయ్యి చెప్తది, కాయితం కాదు. నువ్వు పోయి నీ మిషను చూసుకో" అన్నాను. కారాయన నవ్వాడు. అల్లుడు కాయితం మడిచి జేబులో పెట్టుకుని పోయాడు. నేను ఇరవై బోల్టులూ టార్క్ రెంచితో బిగించాను. బిగువు సరిపోయిందని ప్రతిదీ క్లిక్కుమంది. ఆ క్లిక్కు వింటే మా వాళ్ళకు గుళ్ళో గంట విన్నంత నిమ్మళం.

మర్నాడు పొద్దున ప్రయాణం. మా షాపు ముందే పూజ. కొబ్బరికాయ, కుంకుమ, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు. వాళ్ళమ్మను ఆ సీట్లో కూర్చోబెట్టడానికి ఇద్దరు మనుషులు కావాల్సి వచ్చింది. "ఇదేందిరా, నేల మీద పీటేసి కూసోబెట్టినట్టుంది" అంటూనే ఆమె చేతిసంచి ఒళ్ళో పెట్టుకుంది. మంచి గడియ దాటిపోతుందని తొందర. గోడ మీది పలక వైపు నాతో సహా ఎవరూ చూడలేదు. నిమ్మకాయలు చితికాయి, జనం ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు, బండి కంభం వైపు పోయింది. నా భుజం మీద ఎవరో తట్టారు. ఆ తట్టడం కూడా నాకు గుర్తుంది.

పాత చక్రాలు గోడ వారకు సర్ది, ఆ కారు పలక తుడుద్దామని చేతిలోకి తీసుకున్నాను. నంబరు ఉంది, పని ఉంది, నా గుర్తు ఉంది. టిక్కు ఉండాల్సిన చోట టిక్కు లేదు. అల్లుడి గుండ్రని రాతలో ఒక వాక్యం ఉంది: "బోల్టులు పాతవే. మామ మాట."

నాకు ఒళ్ళు మండింది. "ఏంది అల్లుడా ఇది? టిక్కేది?"

"చూడకుండా పెట్టలేకపోయినా మామా. చూస్తానంటే నువ్వు పొమ్మన్యావు."

"ఇన్నేళ్ళలో నేను బిగించినదానికి టిక్కు పెట్టనోడివి నువ్వొక్కడివే."

"పెట్టినోళ్ళు చూసి పెట్టలా మామా" అన్నాడు. గొంతు పెంచలేదు.

ఆయన మొహాన కొడదామని పొట్లంలోంచి ఒక కొత్త బోల్టు తీశాను. రెండూ ఒకటే అని చూపిస్తానని గోడ వారనున్న పాత చక్రం రంధ్రంలో పెట్టాను. బోల్టు కూర్చోలేదు, ఊగింది. ఇంకోదాంట్లో పెట్టాను. అదీ ఊగింది. వంగి గుంటలోకి చూశాను. మీరు కూడా ఒకసారి చూడండి, అన్నిటికంటే ముఖ్యం ఇదే. పాత చక్రం గుంట గిన్నెలాగా గుండ్రంగా ఉంది, పాత బోల్టు మెడ గోళీలాగా దానికి తగ్గట్టే ఉంటుంది. మన లారీలవీ అంతే, అందుకే నాకు అనుమానం రాలేదు. కొత్త బోల్టు మెడ గరాటు వాలులో ఉంది. అంటే కొత్త చక్రం గుంట కూడా గరాటే. నేను గరాటులో గోళీలు పెట్టి బిగించాను. గోళీ గరాటును ఒక సన్నని గీత మీదే పట్టుకుంటుంది. బిగించినప్పుడు క్లిక్కుమంటుంది. తిరిగే కొద్దీ వదులవుతుంది.

సిగ్గు తర్వాత వచ్చింది, ముందు వచ్చింది భయం. ఆ సీట్లో ఒళ్ళో చేతిసంచి పెట్టుకుని ఒక పెద్దామె కూర్చుని ఉంది.

ఫోను చేశాను. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేశాను. అల్లుడు అప్పటికే బైకు తీశాడు. పొట్లాలు, రెంచి, ఒక చిన్న జాకీ సంచిలో వేసుకుని వెనక ఎక్కాను. బయల్దేరి అరగంటైన సూపర్ కారును పట్టుకోవడానికి పాత బైకు మీద ఇద్దరు మనుషులు. నవ్వుకోవచ్చు. నేను ఆ రోజు నవ్వలేదు, దార్లో ప్రతి మలుపులో పక్కనున్న పొలాల్లోకి చూస్తూ పోయాను.

మమ్మల్ని కాపాడినవి స్పీడ్ బ్రేకర్లు. కంభం ఇంకా రాకముందే ఒక ఊరి నడుమ ఆ పసుపు కారు రోడ్డుకు అడ్డంగా నిలబడి ఉంది. ఒక్కో ఊళ్ళో రెండు మూడు స్పీడ్ బ్రేకర్లు, ఒక్కోదానికీ దిగి బండలు పరవడం, ఎక్కడం, మళ్ళీ దిగి బండలు తీసుకోవడం. చుట్టూ ఫోటోలు దిగే జనం. అరగంట ముందు బయల్దేరినా మాకంటే ముందు పోయింది ఆ కొద్ది దూరమే.

నేను పోయి ముందు ఎడమ చక్రం దగ్గర కూర్చున్నాను. అయిదింట్లో రెండు బోల్టులు వేళ్ళతో తిరిగాయి. పానా అవసరం లేకపోయింది. అది కారాయనా చూశాడు, జనమూ చూశారు.

ముందు ఆయనే తేరుకున్నాడు. "చూసినావా అన్నా? బయట చక్రాలంటే ఇంతే. బెంగుళూరు నాకొడుకులు డూప్లికేట్ అంటగట్టినారు" అన్నాడు. "అంతే అన్నా, బయటి మాల్ అట్లనే ఉంటది" అని జనంలోంచి ఇంకెవరో అందుకున్నారు. ఇంకొకాయన రోడ్డుదే తప్పన్నాడు. నాకు తెలియకుండానే నా చుట్టూ సాకులు వచ్చి నిలబడ్డాయి. నేను నోరు తెరవక్కర్లేదు, తల ఊపితే చాలు. బెంగుళూరు వాళ్ళు వచ్చి కాదనరు, రోడ్డుకు నోరు లేదు. వెంటపడి వచ్చి కాపాడానని పేరు కూడా వచ్చేది.

అల్లుడి వైపు చూశాను. ఆయన నా వైపు చూడటం లేదు. బండలు తెచ్చి జాకీకి సందు దొరికేట్టు పరుస్తున్నాడు. నా వైపు చూసి ఉంటే నేను కూడా ఏదో ఒకటి నమిలేసేవాణ్ణేమో.

"సామీ, చక్రాలు ఒరిజినలే" అన్నాను. "బోల్టులూ ఒరిజినలే. దీని బోల్టు దీనికి ఏయలా. ఇతను కాయితం చదివి చెప్పినాడు, నేను ఇనలా. తప్పు నాది."

"పాతవే ఏయమన్నది నేనే గదన్నా" అన్నాడు కారాయన మెల్లగా.

"మీరు రాళ్ళ యాపారం చేసేటోళ్ళు, మీరు అన్యా తప్పు లేదు. బిగించేటోణ్ణి నేను."

లోపల్నుంచి వాళ్ళమ్మ పిలిచింది. "నాయనా, అదే ఊడిపోయుంటే ఏమయ్యేది?"

అడిగింది నన్ను. "చక్రం ఒక దిక్కు పోయేది, బండి ఒక దిక్కు పోయేదమ్మా" అన్నాను.

"అట్లయితే నన్ను దించండి" అన్నది. ఇద్దరం పట్టుకుని దించాం. చేతిసంచిలో కొడుకు ఫోను మళ్ళీ మోగుతోంది, షోరూము వాళ్ళెవరో. "ఇది పొద్దున్నుంచీ మోగతానే ఉంది, మనది కాదేమో అనుకున్యా" అన్నది. కొంగు సవరించుకుని, నన్ను పైనుంచి కిందికి చూసి, "ఎంటబడి వచ్చినావు గాబట్టి తిట్టడంలా. రాకుండా ఉంటే తిట్టేదానికి నేను ఉండేదాన్ని కాదు" అన్నది. తర్వాత వచ్చిన గిద్దలూరు బస్సెక్కి పోయింది. షోరూము తలుపు ఆమె చేత్తోనే తెరుచుకుందట, కారు లేకుండానే. బావమరిది గుమ్మంలో నిలబడి బస్సు దిగుతున్న అత్తకు ఎదురొచ్చాడట.

మేము అక్కడే బండలెక్కించి, ఇరవై బోల్టులూ మార్చి, ఖాళీ కారును మెల్లగా వెనక్కి నడిపించుకొచ్చాం. ముందు ఎడమ చక్రం గుంటలు గీసుకుపోయాయి, దాన్ని మళ్ళీ నమ్మడానికి లేదు. నాలుగూ తీసి పాతవే ఎక్కించాను, ఈసారి పాత బోల్టులతో, అవి ఉండాల్సిన చోట. పలక రంగు చక్రాలు ఇప్పుడు గిద్దలూరు షోరూములో ఉన్నాయి. ఒకదానికి ముళ్ళు తగిలించి గోడ గడియారం చేశారు. టైము సరిగ్గానే చూపిస్తుందని చెప్పారు.

ఆ రోజు పని ముగించే వేళకు విషయం బజారంతా పాకింది. నా తర్వాతి బండికి రెండో చెయ్యి ఎవరు వేస్తారని అడిగితే ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. "చూడండి, పానా పెట్టి చూడండి" అన్నాను. చూశారు. గట్టిగానే ఉంది. ఆ బిరుదు వచ్చినాక నా చక్రం మీద ఇంకొకరి పానా పడ్డ చప్పుడు అదే మొదటిసారి వినడం. బాధగానే ఉంది, దాచడమెందుకు.

అప్పుడు ఆ కారు పలక మళ్ళీ తీశాను. అల్లుడి వాక్యం అట్లాగే ఉంది. చివరి మాట బొటనవేలితో తుడిచి, సుద్దముక్కతో దాని చోట "తప్పు" అని రాశాను. బోల్టులు పాతవే. మామ తప్పు. పలకను గోడకు తగిలించాను.

అల్లుడు చేతులు తుడుచుకుంటూ వచ్చి దాని ముందు నిలబడ్డాడు. మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివాడు. నా చేతిలోంచి సుద్దముక్క తీసుకుని, కింద టిక్కు పెట్టాడు.